ఇరవై వాట్ల కోటేశు

కోటేశుకి కళ్ళు పోవాలని మొట్టమొదట అన్నది నేనే. కోపంతో కాదు, లెక్క వేసి మరీ అన్నాను.

కోటేశు నిజం మనిషి కాదు. ఫోన్లో కథలు చదువుకునే ఒక యాప్‌లో ప్రతి ఆదివారం వచ్చే సీరియల్‌కి హీరో. నాపరాయి క్వారీలో కూలీ. కళ్ళకి ఎప్పుడూ తువ్వాలు కట్టుకుని తిరుగుతాడు. అది విప్పితే అతని చూపులోంచి వెలుగు తన్నుకొస్తుంది, ఆ వెలుగు ముందు ఏ బండా ఆగదు. రాసేవాళ్ళ పేరు దగ్గర 'నాపరాయి' అని మాత్రమే ఉండేది. క్వారీ సంగతులు ఇంత బాగా తెలిసినవాడు తప్పకుండా మీసాలున్న పెద్దమనిషే అయ్యుంటాడని నేను తీర్మానించుకున్నాను. అలాంటి తీర్మానాలు చేయడంలో నాకు ఆలస్యం ఉండదు.

నా పేరు గోపీనాథ్. బీఎస్సీ ఫిజిక్స్ చదివి, నరసరావుపేటలో మా బాబాయి వెంకట్రామయ్య స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు వేస్తుంటాను. మా వైపు గిన్నె కొంటే పేరు వేయించకుండా ఇంటికి తీసుకెళ్ళరు. ఫంక్షన్‌కని పక్కింటివాళ్ళకి ఇచ్చిన గిన్నె మీద పేరు లేకపోతే అది మళ్ళీ మన గడప తొక్కదు. ఒకప్పుడు బాబాయి కరెంటు పెన్నుతో గిర్రుమనిపిస్తూ చేత్తో చెక్కేవాడు. ఇప్పుడు ఇరవై వాట్ల లేజర్ మెషిన్ ఉంది. పేరు టైపు చేసి బటన్ నొక్కితే నలభై సెకన్లలో నల్లగా పడిపోతుంది.

ఇరవై వాట్లంటే సెకనుకి ఇరవై జౌళ్ళ శక్తి. నలభై సెకన్లకి ఎనిమిది వందలు. చిన్న గ్లాసు టీ కాచడానికే పాతిక వేల జౌళ్ళు కావాలి. అంటే ఒక గుక్క టీకి పట్టేంత శక్తి కూడా లేకుండా ఒక మనిషి పేరు స్టీలు మీద నిలిచిపోతుంది. ఈ లెక్క కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాణ్ణి. వాళ్ళు తల ఊపి, పేరులో దీర్ఘం సరిగ్గా పడిందో లేదో చూసుకునేవాళ్ళు.

వినేవాళ్ళు కొట్లో దొరక్క యాప్‌లో వెతుక్కున్నాను. అక్కడ నా పేరు 'ట్వంటీ వాట్స్'.

ముప్పై ఎనిమిదో భాగంలో లారీ అంత బండ దొర్లిపడి క్వారీ దారి మూసేస్తుంది. అవతల ఆరుగురు చిక్కుకుపోతారు. కోటేశు తువ్వాలు విప్పుతాడు. 'ఒక్క క్షణం. బండ దారి ఇచ్చింది' అని ఉంది కథలో. కింద కామెంట్లలో పిల్లలు కొట్టుకు చస్తున్నారు. కోటేశు పవర్ లెవెల్ ఎంత, ఫలానా హీరోతో తలపడితే ఎవడు గెలుస్తాడు అని. నాకు వేళ్ళు దురద పెట్టాయి.

బండ పది టన్నులనుకున్నాను. కిలో రాయి కరగాలంటే ఇరవై లక్షల జౌళ్ళు. మొత్తం రెండు వేల కోట్లు. అదీ ఒక్క సెకనులో కాబట్టి ఇరవై వేల మెగావాట్లు. నాగార్జునసాగర్ పెద్ద పవర్‌హౌస్ లాంటివి ఓ పాతిక కావాలి. మా కొట్లో మెషిన్లయితే వంద కోట్లు. మనిషి రోజు మొత్తం తినే తిండిలో కోటి జౌళ్ళుంటాయి కాబట్టి, ఒక్క చూపు చూడ్డానికి కోటేశు ఐదున్నరేళ్ళ అన్నం ముందే తినేసి ఉండాలి. చివర్లో ఊరుకోలేక ఇంకో ముక్క కలిపాను. 'అంత వెలుగులో వెయ్యో వంతు కంట్లో మిగిలినా ముందు మాడేది కళ్ళే. కాబట్టి కోటేశు రెండో భాగానికే గుడ్డివాడవ్వాలి, కథ అయిపోవాలి. శుభం.'

తొమ్మిది వందల లైకులొచ్చాయి. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. తర్వాతి ఆదివారం సీరియల్ రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు. మూడో వారానికి లైకు కొట్టినవాళ్ళే నన్ను తిట్టడం మొదలుపెట్టారు.

జూలైలో ఒక మధ్యాహ్నం వాన దంచుతుంటే ఒకమ్మాయి కొట్లోకి వచ్చి నా కీబోర్డు మీద గొడుగు దులిపింది. నేను ముఖం మాడ్చుకుంటే, తడిసింది కీబోర్డే కదా మీరు కాదుగా అంది. చేతిలో మూడు గిన్నెల క్యారేజీ ఉంది. పేరేంటని అడిగాను.

"బ్రహ్మయ్య."

"మీ పేరా?"

"మా నాన్న పేరు. నేను శ్రీదుర్గ. ఎట్టాగూ అడగబోయారుగా."

నిజంగానే అడగబోయాను. చెవులు వేడెక్కి, తలొంచుకుని మెషిన్ ఆన్ చేశాను. ఆమె ఆపింది. నల్లగా పడితే పనికిరాదట. చేత్తో తడిమితే తెలిసేలా లోతుగా పడాలట. అక్షరాలు కూడా వద్దు, ఒక గుర్తు చాలంది. కాగితం మీద గీసి చూపించింది. నిలువు గీత, దాని పక్కన ఒక చుక్క. వాళ్ళ నాన్న క్వారీలో రాయి తీసే రోజుల్లో ప్రతి పలక అంచునా ఉలితో ఆ గుర్తు పెట్టేవాడట, ఏ పలక ఎవరు తీసిందో తెలియడానికి.

లేజర్ దగ్గర నిలబడేవాళ్ళకి ఆకుపచ్చ కళ్ళద్దాలు ఇవ్వాలి. ఇచ్చాను. అవి పెట్టుకుని ఆమె వంగి మెషిన్‌లోకి చూసింది. నేను గుర్తు లోతుగా రావడానికి ఒక పాత మూత మీద ట్రయల్ వేస్తూ, ఆమెను అంత దగ్గరగా చూస్తున్నానన్న సంగతి దాచుకోవడానికి టీ లెక్క ఎత్తుకున్నాను. ఈమె మాత్రం శ్రద్ధగా విన్నది. పైగా ప్రశ్న అడిగింది.

"మరి అంత తక్కువ శక్తికి స్టీలు ఎట్టా మాడుద్దండీ?"

"అంతా ఒకే చోట పెట్టడం వల్ల. వెంట్రుక కన్నా సన్నటి చుక్క మీద. చెల్లాచెదరుగా పోతే గిన్నె వెచ్చబడను కూడా వెచ్చబడదు."

ఇన్నాళ్ళకి ఒకళ్ళు అడిగారన్న సంతోషం నా కొంప ముంచింది. నా ప్రతాపం ఇంకా చూపించాలనిపించి, ఎవడో నాపరాయి అనేవాడు చూపుతో బండలు కరిగిస్తున్నాడనీ, వాడికి లెక్కతో బుద్ధి చెప్పాననీ, పాపం మళ్ళీ రాయలేదనీ చెప్పి ఫోన్ తీసి చూపించాను. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ట్వంటీ వాట్స్ మీరేనా?"

అవునన్నాను, ఇంకా నవ్వుతూనే.

"ఆ రాసేది నేనేనండీ."

నేను ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను.

ఆమె గొంతు పెంచలేదు. అందుకే ప్రతి మాటా ఇప్పటికీ గుర్తుంది. "కరిగిందని నేను రాయలా. దారి ఇచ్చిందని రాశా. కరిగించింది మీరు. మా దాచేపల్లిలో ఎవుర్నడిగినా చెప్తారు, నాపరాయి కరగదు. కాలిస్తే సున్నమవుద్ది. మీ పుస్తకాల్లో లేదా ఆ ముక్క?"

ఉంది. పరీక్షలో రాశాను కూడా. పక్కనే పిడుగురాళ్ళలో సున్నం బట్టీలు పెట్టుకుని, నాపరాయిని ఇనుములా కరిగించి లెక్క వేసిన ఘనుణ్ణి నేనే.

తప్పయిందని నేననేలోపే ఆమె మిగతాది కూడా చెప్పింది. నాలుగేళ్ళ కింద క్వారీలో బండలు పేల్చే మందు తూటా ఆలస్యంగా పేలి వాళ్ళ నాన్నకి రెండు కళ్ళూ పోయాయి. అందుకే గుర్తు చేతికి తగలాలి. ఆయన పనిచేసే చోట మధ్యాహ్నం పాతిక క్యారేజీలు ఒకే బల్ల మీద ఉంటాయి, ఆయనది ఏదో ప్రతిరోజూ ఎవరినో ఒకరిని అడగాల్సి వస్తోంది. కోటేశు కథ ఆయనకి ఫోన్ చదివి వినిపిస్తుంది. కథ అయిపోయాక ఫోన్ ఆగదు, కింద కామెంట్లు కూడా చదువుకుంటూ పోతుంది.

"మీ లెక్క మొత్తం విన్నారు. కళ్ళు మాడతాయన్న చోట వెనక్కి తిప్పి మళ్ళీ విన్నారు."

"ఏమన్నారు?"

ఆమె కళ్ళద్దాలు నా వైపు నెట్టింది. క్యారేజీ ఎప్పుడిస్తారని అడిగింది. ఆదివారం నేనే తెచ్చిస్తానన్నాను. అక్కర్లేదు, బస్సులో ఎవరికైనా ఇచ్చి పంపండి అని స్లిప్ మీద అడ్రస్ రాసి వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు నా కీబోర్డు పక్కనే మర్చిపోయింది.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ముక్కూ మొహం తెలియని ఒకాయన మంచం మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్ళు పోతే కథ అయిపోవాలని నేను రాసిన మాట వింటున్నట్టు ఊహ వచ్చేది. ఆ మాటకి తొమ్మిది వందల మంది నవ్వారు. ఆమె ఏం రాసినా ఇక ఆ నవ్వు వినిపిస్తుంది. ఇక రాయదేమో అనిపించింది. ఆమె మళ్ళీ రాయాలి, అది నా వల్ల ఆగిపోకూడదు. ఆ నాలుగు రోజులూ నాకు కావలసింది అదొక్కటే. కాదు, ఇంకొకటి కూడా ఉంది. ఆమెను మళ్ళీ చూడాలి. ఈ రెండో సంగతి ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

క్యారేజీ గిన్నెల రేకు పల్చన. లోతుగా చెక్కబోతే వంకర పోతుంది. పాత మూతలు ఆరు పాడుచేశాక బాబాయి వచ్చి నిలబడ్డాడు.

"ఒరేయ్ గోపీ, ఏందిరా ఇది? కొట్టంతా జల్లెడ చేస్తన్నావు."

చివరికి పక్కన గిన్నెలని కలిపి పట్టుకునే దళసరి పట్టీ మీద, కాస్త చల్లారనిస్తూ, అదే గీత మీద నూట అరవై సార్లు లేజర్ నడిపాను. కళ్ళు మూసుకుని వేలితో రాశాను. గీత తెలిసింది, చుక్క తెలిసింది.

ఆదివారం బండి మీద దాచేపల్లి బయలుదేరాను. క్యారేజీ, గొడుగు రెండూ ఉన్నాయి. బస్సులో పంపమంది కదా అంటే, గొడుగు సంగతి ఆమె చెప్పలేదు కాబట్టి అది నేను స్వయంగా ఇవ్వాలని సమాధానం సిద్ధం చేసుకున్నాను.

అడ్రస్ ఇంటిది కాదు, రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్‌ది. షెడ్డులో ఒకాయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో చిన్న సుత్తి. ఇద్దరు కూలీలు పలకని తెచ్చి ఆయన ముందు నిలబెడుతున్నారు. ఆయన సుత్తితో ఒకసారి తట్టి, తల కొంచెం వంచి వింటారు. మంచిదైతే "ఎత్తండి" అంటారు, లారీకి ఎక్కిస్తారు. లోపల పగులుంటే "పక్కన పెట్టండి" అంటారు. పైకి అద్దంలా మెరుస్తున్న పలకలని కూడా రెండింటిని పక్కన పెట్టించారు. కళ్ళున్న కూలీలు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

దగ్గరికెళ్ళి క్యారేజీ చేతికిచ్చాను. పట్టీ మీద వేలు ఆగింది. "నా గుర్తే," అన్నారు బ్రహ్మయ్యగారు. ఇంకోసారి తడిమారు. "నేను పెట్టినదాని కన్నా బాగుంది. ఎవురబ్బాయివి నువ్వు?"

నరసరావుపేట నుంచి వచ్చానని చెప్పి, అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. ట్వంటీ వాట్స్ పేరుతో ఆ కామెంట్ రాసింది నేనేననీ, క్షమించమనీ అన్నాను. వెనక ఏదో అలికిడైతే చూశాను. శ్రీదుర్గ. అన్నం గిన్నె చేత్తో పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. అక్కర్లేదన్నాక వచ్చినందుకు నన్ను చూపుతో కాల్చేయాలని ప్రయత్నిస్తోంది. ఎన్ని వాట్లో లెక్క వేసే ధైర్యం నాకు లేదు.

బ్రహ్మయ్యగారు నవ్వారు. "క్షమించేదేముందయ్యా. నువ్వు చెప్పినదాంట్లో సగం కరెక్టు, సగం తప్పు. ముందు తప్పు చూద్దాం, రా."

పక్కన పెట్టించిన పలకల్లో దళసరిదాన్ని షెడ్డు బయట నేల మీద పరిపించారు. అరచేత్తో దాని అంచంతా తడిమి, ఒకచోట ఆగి, నా వేలు పట్టుకుని అక్కడ పెట్టారు. రెండు పొరలు కలిసే చోటు. నాకు ఏమీ తెలియలేదు. తెలియడానికి ముప్పై ఏళ్ళు పడుతుందన్నారు. ఉలి ఆనించి, ఆ గీత వెంట కొంచెం కొంచెం జరుపుతూ సుత్తితో తట్టారు. కొట్టడం కాదు, తట్టడమే. నేను లెక్కపెట్టాను. ఏడో దెబ్బకి లోపల్నుంచి సన్నగా చప్పుడైంది, ఇంత దళసరి పలక పుస్తకం తెరిచినట్టు రెండుగా విడిపోయింది.

"దారి ఇచ్చిందా?" అన్నారు.

నేను అలవాటు కొద్దీ పైకే లెక్క వేశాను. కిలో సుత్తి, ఆ వేగానికి దెబ్బకి సుమారు ఇరవై జౌళ్ళు. ఏడు దెబ్బలకి నూట నలభై. నేను రెండు వేల కోట్లు అడిగాను. "మా మెషిన్ ఏడు సెకన్లు నడిచినంత," అన్నాను. నాకే నమ్మబుద్ధి కాలేదు. కోటేశుకి పాతిక పవర్‌హౌస్‌లు అక్కర్లేదు. ఎక్కడ తాకాలో తెలిస్తే చాలు.

"బండ పెద్దదైతే ఇంకొన్ని దెబ్బలు," అన్నారాయన. "ఇప్పుడు నీ కరెక్టు సంగతి. కళ్ళు పోతాయన్నావు. పోతాయి. నాకు తెలవదా? అది విన్న రోజే దుర్గకి చెప్పా, కోటేశుకి కళ్ళు తీసెయ్యమ్మా అని. అప్పట్నుంచి రాయడం మానేసి కూర్చుంది."

నేను ఆమె వైపు తిరిగాను. అప్పటిదాకా ఆయన బాధపడ్డారని, ఆ బాధ చూడలేక ఆమె ఆపేసిందని అనుకుంటున్నాను. ఇందాక చెప్పానుగా, తీర్మానాలు.

శ్రీదుర్గ గిన్నె కింద పెట్టింది. "ఎట్టా తియ్యమంటావు నాన్నా? ఏడాది నుంచి వారం వారం నీ కళ్ళు నీకు ఇచ్చేస్తన్నా అనుకుని రాస్తన్నా. నా చేత్తో ఎట్టా తియ్యను?"

"అయి కోటేశు కళ్ళమ్మా. నాయి ఆ రోజే పోయినయి." ఆయన గొంతు మెత్తగానే ఉంది. "పోయినాక నేనేం చేస్తన్నానో ఎవురూ రాయలా. నువ్వు కూడా రాయలా."

ఆమె ఏడ్చింది. దాచుకోలేదు. ఆయన కూతురి తల ఎక్కడుందో వెతుక్కోకుండానే చెయ్యి వేశారు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను, ఎండలో.

తిరిగొచ్చేటప్పుడు ఆమె బండి దాకా వచ్చింది. దెబ్బకి ఇరవై జౌళ్ళని ఎట్టా లెక్క కట్టారో రాసి పంపమని నంబరిచ్చింది. కథ కోసమే సుమా అంది. నేను దారిలో మూడుసార్లు బండి ఆపి ఆ నంబరు సేవ్ అయిందో లేదో చూసుకున్నాను.

తర్వాతి ఆదివారం ముప్పై తొమ్మిదో భాగం వచ్చింది. పోయినసారి చూసిన చూపే కోటేశుకి చివరి చూపు. నెలల తరబడి గుడిసెలోంచి కదలని కోటేశు, ఒక రోజు ఎవరో అడిగితే షెడ్డుకెళ్ళి స్టూలు మీద కూర్చుంటాడు. పలక మీద తడతాడు, వింటాడు. కథ చివర్లో మళ్ళీ ఒక బండ, అవతల మళ్ళీ మనుషులు. ఈసారి తువ్వాలు విప్పడానికేమీ లేదు. చేత్తో తడిమి, చోటు దొరికాక తట్టడం మొదలుపెడతాడు.

కామెంట్లలో పిల్లలు గోల పెట్టారు. కోటేశు పవర్ లెవెల్ సున్నాకి పడిపోయిందని ఒకడు, ట్వంటీ వాట్స్ వచ్చి లెక్క తేల్చాలని ఇంకొకడు. నా పాత కామెంట్ కింద ఇలా రాశాను. 'పైన నేను వేసిన లెక్క తప్పు. నాపరాయి కరగదు. ఒక పలక విడిపోవడానికి నూట నలభై జౌళ్ళు చాలు, నా కళ్ళతో చూశాను. కళ్ళు పోతే కథ అయిపోవాలన్నది ఇంకా పెద్ద తప్పు. నాకు తెలిసిన హీరోల్లో కోటేశు కన్నా బలమైనవాడు లేడు.'

దానికి పదిహేడు లైకులొచ్చాయి. ఒకటి నాపరాయిది.

ఆ తర్వాత శ్రీదుర్గ మా ఊళ్ళో తను చదివే బీఈడీ కాలేజీ నుంచి బస్టాండుకి వెళ్ళే దారి ఎందుకో మా కొట్టు మీదుగా మారింది. ప్రతి భాగానికీ లెక్కలు కావాల్సి వచ్చేవి. లెక్కలు లేని భాగాలకి కూడా కావాల్సి వచ్చేవి. బాబాయి ఒకటి రెండుసార్లు చూసి, టీ మూడు చెప్పడం మొదలుపెట్టాడు.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం బస్టాండు దాకా తోడు వెళ్తే ఆమె బస్సు ఆలస్యమైంది. చెప్పాలనుకున్న మాటకి చుట్టూ ఫిజిక్స్ అల్లుదామని చాలా ప్రయత్నించి, కుదరక, మామూలుగా చెప్పేశాను. "మీరంటే నాకిష్టం. మీరు రాసేదీ ఇష్టమే, కానీ దానివల్ల కాదు."

ఆమె బస్సు వచ్చే వైపే చూస్తూ ఉంది. "లెక్క వేశారా?"

"లేదండీ. ఇది వెయ్యలేదు."

"మంచిది. మీ లెక్కలు మొదట్లో తప్పుతాయి." నవ్వు ఆపుకుంటోంది. "నాక్కూడా ఇష్టమే. గొడుగు పట్టుకుని ఎండలో నిలబడ్డప్పట్నుంచి. కానీ మా నాన్న చూడాలి."

చూడాలి అని ఆమె అనడం నాకు వింతగా అనిపించలేదు.

మళ్ళీ దాచేపల్లి. ఈసారి బాబాయి కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. పెద్దవాళ్ళిద్దరూ వానల గురించి, మిరప గురించి, స్టీలు రేట్ల గురించి మాట్లాడుకున్నారు. అసలు మాట బాబాయి చెప్పాక బ్రహ్మయ్యగారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. భుజం మీద చెయ్యి వేశారు. జీతమెంతో అడుగుతారనుకున్నాను.

"మొదట రాసినావే, ఆ కామెంటు. ఇంకా ఉందంట, ఫోను చదువుతా ఉంది. ఎందుకు తీసెయ్యలా?"

తీసేస్తే తప్పు చేయనట్టు ఉంటుందనిపించిందండీ అన్నాను. కింద దిద్దుకున్నది పైన తప్పుంటేనే అర్థమవుతుందని, ఎవరైనా నవ్వితే నన్నే నవ్వనివ్వమని చెప్పాను.

ఆయన భుజం మీద వేళ్ళతో ఒకసారి తట్టారు. తల కొంచెం వంచారు. ఆ వంపు నాకు తెలుసు. గుమ్మం దగ్గర శ్రీదుర్గకి కూడా తెలుసు. బాబాయికి మాత్రం ఏమీ అర్థం కాక అందరి ముఖాలూ చూస్తున్నాడు.

బ్రహ్మయ్యగారు తల ఎత్తి, కూతురు నిలబడ్డ వైపు తిరిగారు.

"ఎత్తండి," అన్నారు.